సంప్రదించడమంటే ఏమిటి?

ఢిల్లీలో రాజకీయ వార్తలు రాసేవారి నోటు పుస్తకాలలో తరచుగా కనిపించే ఆంగ్ల పదాలలో ‘కన్సల్టేషన్’ ఒకటి. ‘సంప్రదింపులు జరుగుతున్నాయి’ అని ఏ మంత్రిత్వ శాఖ ప్రతినిధి అయినా చెప్పాడంటే దానికి రెండే అర్థాలు: నిర్ణయం ఇంకా జరగలేదు, లేదా ఎప్పుడో జరిగిపోయింది. ఏది నిజమో తేల్చుకోవడమే మా వృత్తి. ఆ పదాన్ని ఆస్పత్రి గుమ్మం దగ్గర ఫీజుల పట్టికలోనూ చూస్తాం. అక్కడ అర్థం స్పష్టం. వైద్యుడి సలహా పాటించాలన్న నిర్బంధం రోగికి లేదు, కానీ అడగడానికి వెళ్ళినది మాత్రం తెలుసుకోవాలనే. అధికారం చేతిలో పడినప్పుడే ఈ మాట అర్థం మసకబారుతుంది.

తెలుగులో ఈ తేడాను మనం చాలా తేలికగా పట్టుకుంటాం. ‘చెప్పి చేయడం’ వేరు, ‘అడిగి చేయడం’ వేరు, ‘ఒప్పించి చేయడం’ వేరు. పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నాక పెద్దనాన్నకు ఫోను చేస్తే అది చెప్పడమే. అడగడం అని ఆయనా అనుకోడు, మనమూ అనుకోం. ఆంగ్లంలోని ‘కన్సల్టేషన్’ ఈ మూడింటిలో దేనికి చెందుతుందన్న ప్రశ్న మీద మన రాజ్యాంగ వ్యవస్థ డెబ్బై ఏళ్ళకు పైగా పోట్లాడుతోంది.

పోరు మొదలైంది రాజ్యాంగ సభలోనే. న్యాయమూర్తుల నియామకానికి భారత ప్రధాన న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి కావాలని మద్రాసు సభ్యుడు పోకర్ సాహెబ్ ఒక సవరణ ప్రతిపాదించారు. 1949 మే 24న అంబేద్కర్ దానికి సమాధానమిచ్చారు. ఇంగ్లండులో నియామకం పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది, అమెరికాలో సెనేటు సమ్మతి కావాలి. మనం మధ్యేమార్గం ఎంచుకున్నామన్నది ఆయన వాదన. ప్రధాన న్యాయమూర్తి ఎంత గొప్పవాడైనా సామాన్యులకుండే బలహీనతలు ఆయనకూ ఉంటాయనీ, ఆయనకు వీటో అధికారం ఇవ్వడం ప్రమాదకరమనీ అన్నారు. ఆ విధంగా 124వ అధికరణంలో సమ్మతి అన్న మాట బదులు సంప్రదింపు అన్న మాటే నిలిచింది.

రాజ్యాంగ కర్తలకు ఈ రెండింటి మధ్య తేడా తెలియదనడానికి వీల్లేదు. జమ్మూ కశ్మీర్‌కు సంబంధించిన 370వ అధికరణంలో ఈ రెండు పదాలనూ పక్కపక్కనే వాడారు. విలీన పత్రంలో పేర్కొన్న అంశాలకు రాష్ట్ర ప్రభుత్వంతో సంప్రదింపు సరిపోయేది. మిగిలిన వాటికి సమ్మతి కావలసి ఉండేది. ఒకే అధికరణంలో రెండు మాటలు రాసినవారు వాటికి ఒకే అర్థం ఉందనుకొని రాసి ఉండరు.

అయితే సమ్మతి కానంత మాత్రాన సంప్రదింపు ఉత్త లాంఛనమా? దీనికి మంచి జవాబు చెప్పినవారిలో ఒక తెలుగువాడు ఉన్నారు. రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా ఉండగా, 1953లో నివేదితమైన పుష్పం కేసు తీర్పులో ఈ పదాన్ని విశ్లేషించారు. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఒక విషయం మీద కలిసి ఆలోచించి, ఒకరి ఆలోచన ప్రభావం మరొకరి ఆలోచన మీద పడి, సరైన పరిష్కారానికి, కనీసం సంతృప్తికరమైన పరిష్కారానికి చేరడం సంప్రదింపు అని దాని సారాంశం. ఆయన ఆ తర్వాత ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ నిర్వచనం మాత్రం ఆయన పదవులన్నింటి కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

ప్రభుత్వాలు ఈ పదాన్ని ఎలా వాడుకున్నాయో చూస్తే ఆ నిర్వచనం విలువ తెలుస్తుంది. 1957లో మన్‌బోధన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగిపై చర్య తీసుకునే ముందు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించకపోయినా ఆ చర్య చెల్లుతుందని చెప్పింది. 1973 ఏప్రిల్‌లో, కేశవానంద భారతి తీర్పు వెలువడిన వెంటనే, ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను పక్కనపెట్టి ఏ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఎమర్జెన్సీలో, 1976లో, పదహారు మంది హైకోర్టు న్యాయమూర్తులను బదిలీ చేశారు. వారిలో గుజరాత్ హైకోర్టుకు చెందిన సంకల్‌చంద్ షేఠ్‌ను పంపింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకే. ఆయన ఆ బదిలీని కోర్టులో సవాలు చేశారు.

1977లో ఆ కేసు తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు సుబ్బారావు నిర్వచనాన్ని గుర్తుచేసుకుంది. సంప్రదింపు సమ్మతి కాదు, కానీ అది పూర్తిగా, ఫలవంతంగా జరగాలి. సంబంధిత వివరాలన్నీ ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టాలి అని నిర్ణయించింది. 1981 డిసెంబరు 30న ఎస్.పి. గుప్తా కేసులో ఏడుగురు సభ్యుల ధర్మాసనం మెజారిటీ తీర్పు కూడా సంప్రదింపు సమ్మతి కాదనే చెప్పి, తుది మాట కేంద్ర ప్రభుత్వానిదేనంది.

పన్నెండేళ్ళు తిరగకుండానే అర్థం తలకిందులైంది. 1993 అక్టోబరు 6న తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం, మెజారిటీతో, నియామకాలలో ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానిదే ప్రాధాన్యమని తేల్చింది. ఆ అభిప్రాయం ఆయన ఒక్కడిది కాదు, సీనియర్ సహచరులతో కలిసి ఏర్పరచుకున్నది కావాలంది. 1998లో రాష్ట్రపతి కోరిన సలహాకు సమాధానంగా ఆ బృందాన్ని ప్రధాన న్యాయమూర్తి, మరో నలుగురిగా ఖాయం చేసింది. అదే కొలీజియం. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఒక మాట అర్థం. అంబేద్కర్ వద్దన్న వీటో ఆ మాట లోపలి నుంచే వచ్చింది.

ఈ మార్పును కేవలం అధికార దాహంగా కొట్టిపారేయడం చరిత్రకు న్యాయం కాదు. 1973నీ 1976నీ చూసిన న్యాయవ్యవస్థకు, సంప్రదింపు అన్న మాటలోని నైతిక బాధ్యతను ప్రభుత్వం గౌరవిస్తుందన్న నమ్మకం పోయింది. మర్యాదగా అడగవలసినవాడు అడగడం మానేస్తే, అవతలివాడు తన అనుమతి కావాలని పట్టుబడతాడు. కానీ ఆ మందుకూ దుష్ఫలితాలున్నాయి. 2014లో 99వ రాజ్యాంగ సవరణ ఆ పదాన్నే తొలగించి, జాతీయ నియామకాల కమిషన్ సిఫారసును ఆ స్థానంలో పెట్టింది. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసినప్పుడు ఐదుగురిలో విభేదించిన ఒక్కరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జాస్తి చలమేశ్వర్. కొలీజియంలో ఏ చర్చ ఎలా జరిగిందో రాతపూర్వకంగా నమోదు కావాలంటూ 2016లో ఆయన ఆ సమావేశాలకు హాజరుకావడం మానేశారు. ప్రభుత్వం తనను సరిగా సంప్రదించలేదని ఒకప్పుడు పోరాడిన వ్యవస్థను, లోపల సంప్రదింపు ఎలా జరుగుతోందని సొంత మనిషే అడగవలసి వచ్చింది.

ఈ మాట బరువు మన తెలుగువారికి మరో దారిలోనూ తెలుసు. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభిస్తామని ప్రకటించిన కేంద్రం, రెండు వారాలకే, డిసెంబరు 23న, విస్తృత సంప్రదింపులు అవసరమంది. 2010 ఫిబ్రవరిలో వేసిన శ్రీకృష్ణ కమిటీ అధికారిక నామంలోనే ‘సంప్రదింపుల కమిటీ’ అన్న మాట ఉంది. ఆ డిసెంబరు 30న అది ఆరు మార్గాలు సూచించింది. తెలంగాణ ఉద్యమకారులకు ఆ సంప్రదింపు వాయిదాకు మారుపేరుగా వినిపించింది. 2014 జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించినా, మూడవ అధికరణం ప్రకారం రాష్ట్రం చెప్పేది అభిప్రాయం మాత్రమే కనుక, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దానిని ఆమోదించాయి. సీమాంధ్రులకు ఆ అభిప్రాయ సేకరణ తంతుగా కనిపించింది. విభజన న్యాయమా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. పరస్పరం ఏకీభవించని రెండు ప్రాంతాలు ఒక్క విషయంలో ఏకీభవించాయి: ఢిల్లీ తమను నిజంగా అడగలేదని.

ఢిల్లీ శివార్లలోనే మరో ఉదాహరణ ఉంది. 2020 జూన్ 5న సాగు సంస్కరణలు ఆర్డినెన్సులుగా వచ్చాయి, సెప్టెంబరులో చట్టాలయ్యాయి. నవంబరు చివరికి సింఘూ, టిక్రీ, ఆ తర్వాత ఘాజీపూర్ సరిహద్దుల్లో రైతులు బైఠాయించారు. ప్రభుత్వంతో చర్చలు పదకొండు విడతలు నడిచాయి. అయితే చట్టం చేశాక జరిపేది బేరం, సంప్రదింపు కాదు. చివరికి 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే ఆమోదం పొందింది. చేసేటప్పుడూ అడగలేదు, తీసేసేటప్పుడూ అడగలేదు.

సంప్రదింపును సమ్మతిగా మార్చితే ప్రతి ఒక్కరి చేతిలో ఒక వీటో ఉంటుంది, పాలన కదలదు. దానిని లాంఛనంగా మార్చితే అడిగినవాడికీ అడిగించుకున్నవాడికీ మధ్య నమ్మకం చచ్చిపోతుంది. సుబ్బారావు ఈ రెండింటి మధ్య చూపిన దారి ఇరుకైనదే గానీ నడవదగినది. నిర్ణయానికి ముందే అడగాలి. వివరాలన్నీ ముందు పెట్టి అడగాలి. జవాబు విని మనసు మార్చుకునే అవకాశం అడిగేవాడిలో మిగిలి ఉండాలి. రేపు ఏ మంత్రి అయినా ‘అందరినీ సంప్రదించాం’ అన్నప్పుడు విలేకరిగా నేను అడగవలసింది ఎంతమందిని పిలిచారని కాదు. వారు చెప్పినది విన్నాక మీ ముసాయిదాలో ఏ ఒక్క వాక్యం మారిందని.