ఉద్దానము: ఒక సమృద్ధివాచకము

శ్రీకాకుళము జిల్లాలో ఉద్దానమను మండలము లేదు. అయినను ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వఱకు గల తీరభూమిని పలాస, టెక్కలి ప్రాంతములవారు ఈ పేరుతోనే పిలుతురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడలో నొకటి పెరుగు ఇసుకనేల యది. ఈ పేరు ఉద్యానశబ్దమునుండి పుట్టినదని జనులందురు. జనవ్యుత్పత్తులను శంకించుట మనకు అలవాటు. కాని ఇచ్చట జనులే సరిగా చెప్పినారని నా యభిప్రాయము.

సంస్కృతమున 'ఉద్దాన'మను పదము వేఱుగా నున్నమాట నిజమే. దాని కర్థము బంధనము. తోటలతో దానికి పొత్తు లేదు. ఇక ధ్వనివిషయము. ప్రాకృతమున 'ద్య' 'జ్జ' యగును. ఉద్యానము 'ఉజ్జాణ'మైనది, వైద్యశబ్దము మనకు 'వెజ్జు'గా వచ్చినది ఈ త్రోవనే. మన పదమును అట్లే వచ్చియుండినచో నేడు 'ఉజ్జానము' అనవలసియుండెడిది. కాని విద్య 'విద్దె'గను, పద్యము 'పద్దెము'గను మాఱిన మార్గము మఱియొకటి కలదు. ఉద్దానము ఈ రెండవ మార్గమున, ప్రాకృతముతో పనిలేక, తెలుగువారి నోట నేరుగా మాఱిన రూపము.

అర్థమునకు నేలయే సాక్షి. టెక్కలినుండి తీరమునకు దిగినచో నౌపడ ఉప్పుమళ్లు కనబడును. సముద్ర మదియే, కాని ఆ చోటును ఉద్దానమనరు. పేరు తీరమును గాక చెట్లను వెంబడించినది. అమరకోశమున ఉద్యానము రాజునకు సంబంధించిన వనము. ఇచ్చట నది రైతుల జీవనాధారమై, ఒక తోటను చెప్పు మాట ఒక సీమకే పేరైనది. సమృద్ధ్యర్థము ఈ విస్తరణమువలన కలిగినదే.

కొందఱు దీనిని 'రెండవ కోనసీమ' యందురు. నాకు ఆ పోలిక నచ్చదు. కోనసీమ పచ్చదనము గోదావరి కాలువలది. ఇచ్చట అట్టి మహానది లేదు, వానయు భూగర్భజలమునే దిక్కు. ఈ పదము చెప్పు సమృద్ధి చెట్లది, నీటిది కాదు. వైద్యగ్రంథములలో దీనికి గల మఱియొక ప్రయోగమును గమనింపుడు: 'ఉద్దానం నెఫ్రోపతి'. దశాబ్దములుగా ఈ పల్లెలను పీడించుచున్న మూత్రపిండవ్యాధి యది. త్రాగునీటిపై అనుమానము కలదు గాని కారణ మింకను నిశ్చితము కాలేదు. పలాసలో 2023 డిసెంబరున పరిశోధనకేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభమైనవి. నిఘంటుకర్తలు ఈ ప్రయోగమును విడువరాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. నాటురకపు కొబ్బరి కాపునకు ఆఱేడేండ్లు పట్టును. చెట్లు పోయిన ఆ ఊళ్లును ఉద్దానపు ఊళ్లుగనే చెప్పబడినవి.