విసిరేసిన పసుపు కొమ్ములు

మా ఆర్మూరులో పసుపు ఎండే రోజులొస్తే గాలికి కూడా పేరంటం వాసనే. ఉడకబెట్టిన కొమ్ములు కళ్లాల నిండా పరిచి ఉంటాయి. నా చిన్నప్పుడు ఒక అవ్వ అలాంటి కళ్లం పక్కన వచ్చి నిలబడేది. ఆమె చేతులకు వేళ్లు సగమే ఉండేవి. మా అమ్మ పిడికెడు కొమ్ములు నా చేతికిచ్చి, "దగ్గరికి పోకు బిడ్డా, దూరంకెల్లి ఎయ్యి" అనేది. నేను అలాగే విసిరేసేదాన్ని. ఆ అవ్వ వంగి, ఆ వేళ్లతోనే ఏరుకునేది.

ఈమధ్య రాణి కుముదినీదేవి గురించి చదువుతూంటే ఆ అవ్వ గుర్తొచ్చింది. హైదరాబాదు తొలి మహిళా మేయర్ ఎవరంటే పోటీ పరీక్షల పిల్లలు ఠక్కున ఈమె పేరు చెప్పేస్తారు. మనకు తెలిసింది కూడా అంతే!

ఆమె 1911లో వరంగల్ దగ్గర వడ్డేపల్లిలో పుట్టారు. తండ్రి పింగళి వెంకటరామారెడ్డి నిజాం చివరి ప్రభుత్వంలో ఉప ప్రధాని. 1928లో వనపర్తి సంస్థానానికి కోడలయ్యారు. కాలు కింద పెట్టకుండా బతకగలిగిన జాతకం. 1962లో మేయర్ పదవి వచ్చింది. ఆ ఏడే వనపర్తి నుంచి శాసనసభకూ వెళ్లి, పదేళ్లు ఉన్నారు. మునిసిపాలిటీల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చే రాజ్యాంగ సవరణ వచ్చింది 1992లో కదా! అంతకు ముప్పయ్యేళ్ల ముందే ఈమె ఆ కుర్చీలో కూర్చున్నారు.

కానీ నన్ను ఆపేసింది ఆ కుర్చీ కాదు. మేయర్ కావడానికి నాలుగేళ్ల ముందే, 1958లో, కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. ఓట్ల కోసం చేసే పనేనా అది? వాళ్ల నీడ పడితేనే జనం తప్పుకునే రోజులవి.

నిజానికి ఆ జబ్బు వేళ్లను తినెయ్యదట. నరాలను మొద్దుబారుస్తుంది. పొయ్యి మీద గిన్నె కాలినా, ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. పుండు ముదిరి వేళ్లు పోతాయి. మందు మొదలుపెట్టాక కొద్దిరోజులకే రోగి నుంచి ఇంకొకరికి అంటదు. 1980ల నుంచి పూర్తిగా నయం చేసే మందుల కోర్సే ఉంది. అయినా మన వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా 2019 దాకా ఉండనే ఉంది. తీసేశారని వినడానికి కుముదినీదేవి లేరు. 2009లోనే కన్నుమూశారు.

మా అమ్మను తప్పు పట్టను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ అదే కాలంలో, ఒక సంస్థానం కోడలు తెలుసుకుని మరీ వాళ్ల దగ్గరికి వెళ్లింది కదా!

శ్రావణమాసంలో ముత్తయిదువకు పసుపు ఇచ్చేటప్పుడు ఎంత పద్ధతిగా చేతిలో పెడతాం! ఆ అవ్వకు నేనిచ్చిందీ పసుపే. ఒక్కనాడైనా ఆమె చేతిలో పెట్టలేకపోయాను.