దక్షిణ లోనాక్: పదేళ్ల ముందే తెలిసిన ముప్పు

ఉత్తర సిక్కింలో, సముద్ర మట్టానికి సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ లోనాక్ సరస్సు 2023 అక్టోబరు 3 రాత్రి గట్టు తెంచుకుంది. రెండు గంటల పైచిలుకులోనే వరద చుంగ్‌తాంగ్ చేరింది. అక్కడ 60 మీటర్ల ఎత్తున్న తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది. 1,200 మెగావాట్ల ఈ జలవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లే. సైనికులతో సహా 50 మందికి పైగా మరణించారు. 70 మందికి పైగా ఆచూకీ దొరకలేదు. తీస్తా దిగువన పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లకూ నష్టం తప్పలేదు.

కుండపోత వానే కారణమని మొదట ప్రచారం జరిగింది. అసలు కారణం వేరు. హిమానీనదం కరిగి వెనక్కి తగ్గినప్పుడు, అది ఒకప్పుడు తోసుకొచ్చిన రాళ్లు, మట్టి ముందు భాగంలో కుప్పగా మిగిలిపోతాయి. దీన్నే మొరైన్ అంటారు. వెనకాల పల్లంలో కరిగిన నీరు చేరి సరస్సవుతుంది. మనిషి కట్టిన చెరువుకు అలుగు ఉంటుంది, గట్టును గట్టిగా దిమ్మిస్తారు. మొరైన్‌కు ఆ రెండూ లేవు. దాని లోపల మంచు గడ్డలు కూడా ఉంటాయి, అవీ కరుగుతుంటాయి.

ఆ రాత్రి సరస్సు పక్కనున్న గడ్డకట్టిన మొరైన్ వాలు, కోటీ 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా, ఒక్కసారిగా నీటిలోకి జారింది. సుమారు 20 మీటర్ల ఎత్తున అలలు లేచి ముందు గట్టును కోసేశాయి. దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు బయటపడింది. ఇస్రో ఉపగ్రహ చిత్రాల్లో సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు, అక్టోబరు 4 నాటికి 60 హెక్టార్లకు కుంచించుకుపోయింది. దారిలో లోయ ఒడ్డులు కోసుకుపోయి, చుంగ్‌తాంగ్‌కు చేరేసరికి అది నీటి కంటే బురదకు దగ్గరైంది. ఆనకట్ట గేట్లు ఎత్తేలోపే వరద పైనుంచి పొర్లింది. రాళ్లు పేర్చి, మీద కాంక్రీటు పలక పరిచిన ఆ తరహా కట్టడం పైనుంచి పొర్లే ప్రవాహాన్ని తట్టుకోలేదు.

ముప్పు సంగతి ఎవరికీ తెలియదనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు 2013లోనే ఈ సరస్సు తెగే అవకాశాన్ని 42 శాతంగా లెక్కగట్టారు. 2016లో పైపులతో నీటిని తోడి మట్టం తగ్గించే ప్రయత్నం జరిగింది. సరస్సు పెరుగుదల ముందు అది సరిపోలేదు. 2021లో మరో అధ్యయనం దిగువన చుంగ్‌తాంగ్‌కు ఉన్న ప్రమాదాన్ని ఎత్తిచూపింది. 2023 సెప్టెంబరులో పరిశీలన పరికరాలు అమర్చారు కానీ, ఊళ్లను అప్రమత్తం చేసే పూర్తి వ్యవస్థ సిద్ధం కాకముందే సరస్సు తెగింది. కొరవడింది పరిశోధన కాదు. ఉపగ్రహ చిత్రంలో కనిపించిన ప్రమాదాన్ని నది ఒడ్డు ఇంటి దాకా చేర్చే ఏర్పాటు.

ఇది అసాధ్యమేమీ కాదు. నేపాల్‌లో 1985లో దిగ్ త్సో సరస్సు తెగి, నిర్మాణం చివరి దశలో ఉన్న నామ్చే విద్యుత్ కేంద్రం నాశనమైంది. తర్వాత ఆ దేశం త్సో రోల్పా గట్టుకు కాలువ, గేటు ఏర్పాటు చేసి 2000 నాటికి మట్టాన్ని 3 మీటర్లు దించింది. 2016లో ఎవరెస్ట్ సమీపంలోని ఇమ్జా సరస్సునూ అలాగే తగ్గించారు. ఖర్చు ఎక్కువే, పైగా అంత ఎత్తులో పనికి అనువైన నెలలు కొన్నే. హిమాలయాల్లోని వేల సరస్సులకు ఇది సాధ్యపడదు కాబట్టి, ఏది ముందు అన్న ఎంపిక తప్పదు.

భారత్ 2024లో సిక్కిం, ఉత్తరాఖండ్, హిమాచల్, అరుణాచల్‌ల కోసం 150 కోట్ల రూపాయల కార్యక్రమం ఆమోదించింది. మరోవైపు, చుంగ్‌తాంగ్‌లో పాత చోటే సుమారు 118 మీటర్ల కాంక్రీటు ఆనకట్టతో తీస్తా-3 పునర్నిర్మాణానికి కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ 2025 జనవరిలో సిఫారసు చేసింది. దక్షిణ లోనాక్ పూర్తిగా ఖాళీ కాలేదు. దాని వెనక హిమానీనదం ఇంకా కరుగుతూనే ఉంది.