రుబ్ అల్ ఖాలీ దాటిన కెమెరా: విల్‌ఫ్రెడ్ థెసిగర్

మన ఇళ్లలో అబుదాబి అంటే ఆకాశమంత బిల్డింగులు, నెలనెలా వచ్చే పైసలు. 1948లో ఇంగ్లీషు యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిగర్ ఒంటెల మీద అక్కడికి చేరేసరికి ఉన్నది ఒక కోట, దాని చుట్టూ చిన్న ఊరు. పెట్రోలుకు ముందటి ఆ గల్ఫ్‌ను ఆయన ఫోటోల్లో చూడొచ్చు.

థెసిగర్ 1910లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో పుట్టారు. తండ్రి అక్కడ బ్రిటిష్ రాయబారి. చదువు ఈటన్, ఆక్స్‌ఫర్డ్‌లలో. ఇరవై నాలుగేళ్లు నిండకముందే అవాష్ నది ఎక్కడ అంతమవుతుందో వెతుక్కుంటూ దనాకిల్ ఎడారి దాటారు. తర్వాత సూడాన్‌లో ఉద్యోగం, యుద్ధం.

అసలు కథ 1945లో మొదలైంది. మిడతలు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టే పని మీద అరేబియా వచ్చారు. మిడతలు ఒక సాకే అనుకోవాలి, ఆయన మనసంతా రుబ్ అల్ ఖాలీ మీదే. ఖాలీ అంటే మనం వాడే ఖాళీనే. దాదాపు 6.5 లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక. థెసిగర్‌కు ముందు బెర్ట్రామ్ థామస్, ఫిల్బీ దాన్ని దాటారు. 1946 నుంచి 1948 మధ్య థెసిగర్ రెండుసార్లు దాటారు.

రాషిద్ తెగ కుర్రాళ్లు సాలిం బిన్ కబీనా, సాలిం బిన్ ఘబైషా ఆయన తోడు. ఆయనకు వాళ్లు పెట్టుకున్న పేరు ముబారక్ బిన్ లండన్. ఒకసారి ఆకలితో నకనకలాడుతుంటే ఒక కుందేలు దొరికింది. వండి తినబోయే టైముకి ముగ్గురు అరబ్బులు వచ్చారు. మీరు మా మెహమాన్లు అంటూ కుందేలు, రొట్టె మొత్తం వాళ్ల ముందే పెట్టేశారు. ఈ మెహమాన్‌నవాజీ చూసే ఆయన బద్దూలను జీవితాంతం తలుచుకున్నారు.

అన్నిచోట్లా ఇదే ఆదరణ దొరకలేదు. రెండో ప్రయాణంలో ఇజాజత్ లేకుండా సౌదీలోకి వచ్చారని సులయ్యిల్‌లో పట్టుకున్నారు. అప్పటికే ఇస్లాం స్వీకరించి రాజుకు దగ్గరగా ఉన్న ఫిల్బీ సిఫారసుతో బయటపడ్డారు. అదే ఏడాది అల్ ఐన్ దగ్గర షేక్ జాయెద్‌ను కలిశారు. ఆయనే తర్వాత యుఏఈ మొదటి అధ్యక్షుడయ్యారు.

ఇసుక పడకుండా లైకా కెమెరాను మేకతోలు సంచిలో దాచుకునేవారు. తీసినవి ఎక్కువగా బ్లాక్ అండ్ వైట్. మనిషి ముఖం మీదే ఆయన దృష్టి. కానీ ఆడవాళ్లు చాలా తక్కువగా కనిపిస్తారు. ఇంట్లో వాళ్ల కష్టం, వాళ్ల మాట ఈ రికార్డులో లేనట్టే.

1950లలో ఇరాక్ చిత్తడి నేలల్లో, రెల్లు ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి గడిపి, అక్కడి జనానికి మందులు కూడా ఇచ్చారు. 1991 తర్వాత సద్దాం ప్రభుత్వం ఆ నీళ్లను ఎండగట్టింది. ఇప్పుడు కొంత తిరిగి నిండింది గానీ, ఆయన చూసిన బతుకు చాలావరకు పోయింది. అరేబియా, ఇరాక్ అనుభవాలను 1959, 1964లలో రెండు పుస్తకాలుగా రాశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కెన్యాలో ఉండి, 2003లో ఇంగ్లండ్‌లో చనిపోయారు.

1977లో మళ్లీ గల్ఫ్ వెళ్లి, కార్లు, కాంక్రీటు చూసి బాధపడ్డారు. ఆ బాధతో పూర్తిగా ఏకీభవించలేం. ఆకలి, దాహం ఆయన కోరి తెచ్చుకున్నవి, బద్దూలకు అవి తప్పనివి. ఆసుపత్రి, బడి వస్తే వద్దని ఎవరంటారు? ఆ మార్పుతోనే మన అబ్బాజాన్లు, భాయీలు అక్కడికి పనికి వెళ్లగలిగారు. 1946లో ఆయన ఆకలితో పడి ఉన్న ఉరూఖ్ అల్ షైబా ఇసుక కొండల దగ్గరే ఇప్పుడు సౌదీ ఆరామ్‌కో చమురు బావులున్నాయి.

ఆయన నెగటివ్‌లు దాదాపు 38,000 ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. అల్ ఐన్‌లోని అల్ జాహిలీ కోటలో ముబారక్ బిన్ లండన్ పేరుతోనే ఆయన ఫోటోల ప్రదర్శన పెట్టారు. అబుదాబిలో మీవాళ్లుంటే, సెలవు రోజున పిల్లలను తీసుకెళ్లి చూపించమనండి.