బిలం ముందు నిలబడ్డవాడు

మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి నిలువెత్తు విగ్రహం ఉండదు. లోహపు తొడుగు ముఖం, అందులో తెరుచుకున్న నోరు, ఆ నోటి వెనక చీకటి బిలం. అర్చకుడు శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే గుటకలు వేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఒక దశలో ఆ చప్పుడు ఆగిపోతుంది. మిగిలిన పానకం మన చేతికి ప్రసాదంగా వస్తుంది. అంత బెల్లం ఒలికే చోట ఒక్క చీమైనా కనపడదని కొండెక్కినవాళ్ళంతా చెప్పుకుంటారు. పైన రాజ్యలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర ఇంకో గుహ ఉంది. అందులోంచి ఉండవల్లి దాకా సొరంగం ఉందనీ, పూర్వం మునులు ఆ దారినే కృష్ణ స్నానానికి వెళ్ళేవారనీ ఈ చుట్టుపక్కల పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటారు. నేనూ అలాగే విన్నాను. ఆ గుహ ముందు నిలబడి లోపలికి తొంగి చూసిన రోజున వీపు మీద పాకిన చల్లదనం ఇప్పటికీ గుర్తే.

తెలుగువాడి మాయాలోకం ఎప్పుడూ ఇలాగే కాళ్ళ కిందే ఉంటుంది. బిలం, పాతాళం, కొండగుహ, పాడుబడ్డ గుడి కింద నేలమాళిగ. దానికి వచ్చే ముప్పు కూడా ఒకటే: శక్తి కోసం ఆశపడి, ఒక ప్రాణాన్ని బలిచ్చి అయినా దాన్ని చేజిక్కించుకోవాలనుకునే మాంత్రికుడు. నాలుగైదు వందల ఏళ్ళుగా ఈ కథలో పెద్దగా మారనిది ఆ మాంత్రికుడే. మారుతూ వచ్చింది అతనికి ఎదురుగా బిలం ముందు నిలబడ్డ మనిషి. నన్ను పట్టి లాగేది ఆ మార్పే.

పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం పద్యకావ్యమే అయినా, కథ అల్లిన తీరుకు దాన్ని నవల అన్న విమర్శకులు ఉన్నారు. అందులో మణిస్తంభుడనే సిద్ధుడు సింహం మీద తిరుగుతుంటాడు. కలభాషిణి అనే యువతిని మాయమాటలతో ఎక్కించుకుని వెళ్ళి అడవిలోని మృగేంద్రవాహన గుడి దగ్గర బలివ్వబోతాడు. ఆ తర్వాత మన కథల్లో వచ్చిన మాంత్రికులందరికీ ఇతను తాత. కానీ సూరన లోకంలో మసిలేవాళ్ళు గంధర్వులు, అప్సరసలు, రాజులు, గొప్పింటి కళావంతులు. సామాన్యుడికి అక్కడ చోటు లేదు.

ఆ చోటు మొదట దొరికింది వినేవాడిగా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు సంపుటాల మీద సంపుటాలుగా వెలువరించారు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుగా ఒక గోపకుర్రాణ్ణి వెంటబెట్టుకుంటాడు. మజిలీ చేసిన ప్రతి ఊళ్ళోనూ ఆ కుర్రాడు ఊరంతా తిరిగి ఏదో ఒక వింత చూసి వస్తాడు, దాని సంగతేమిటని అడుగుతాడు. యతి తన దగ్గరున్న మణి మహిమతో కథ చెబుతాడు. కథల్లో సాహసాలు ఇంకా రాజకుమారులవే. అయినా కథ కదలడానికి కారణం మాత్రం గొడ్లు కాసుకునే పిల్లవాడి ప్రశ్న. ఈ చిన్న ఏర్పాటును మన సాహిత్య చరిత్రలు పట్టించుకోవలసినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

1951లో ఆ సామాన్యుడు ఏకంగా హీరో అయ్యాడు. విజయా వారి పాతాళభైరవి కథకు మూలం కాశీమజిలీల్లోదే. పింగళి నాగేంద్రరావు మాటలు రాస్తే కె.వి. రెడ్డి తీశారు. తోటరాముడు తోటమాలి కొడుకు. నేపాళ మాంత్రికుడికి కావలసింది సాహసవంతుడైన యువకుడి ప్రాణం. బలివ్వబోయిన వాణ్ణే బలిచ్చి, పాతాళభైరవి అమ్మవారి చేత కోరికలు తీర్చే ప్రతిమ అందుకునేది ఆ తోటమాలి కొడుకు. రాముడిగా వేసిన ఎన్.టి. రామారావుది కృష్ణా జిల్లా నిమ్మకూరు, మాంత్రికుడిగా వేసిన ఎస్.వి. రంగారావు పుట్టింది నూజివీడు. సినిమా నిర్మించినవారిలో ఒకరైన చక్రపాణిది తెనాలి. మద్రాసులో సెట్టు వేసినా, ఆ పాతాళానికి మెట్లు కట్టింది మన డెల్టా మనుషులేనని చెప్పుకోవడం నాకు ఇష్టం.

అదే చక్రపాణి, విజయాలో ఆయన భాగస్వామి నాగిరెడ్డి కలిసి 1947 జులైలో చందమామ అనే పిల్లల మాసపత్రిక మొదలుపెట్టారు. తెనాలి ప్రాంతం నుంచే వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం 1952లో ఆ సంపాదక వర్గంలో చేరారు. 1954లో తోకచుక్క సీరియల్ వచ్చింది. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం... పేర్లు వింటేనే ఒక తరానికి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పుటల మీద ఆయన పేరు మాత్రం అచ్చు కాలేదు. పిల్లలకు తెలిసింది చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలే. ఖడ్గవర్మ, జీవదత్తుల ముఖాలు అందరికీ తెలుసు. వాళ్ళను పుట్టించినవాడి పేరు దశాబ్దాల పాటు ఎవరికీ తెలియదు.

దాసరి చేసిన పని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆయన కథల్లో సాహసం చేసేది జంట. కేశవుడు, జయమల్లు. శిఖిముఖి, విక్రమకేసరి. జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకడు పడిపోతే రెండోవాడు చెయ్యి అందిస్తాడు. దేవుడు ప్రత్యక్షమై గండం గట్టెక్కించడం అరుదు. బల్లెం, తాడు, ఉపాయం, పక్కనున్న స్నేహితుడు, ఇవే ఆధారం. తోటరాముడికి అమ్మవారి ప్రతిమ ఉంది. వీళ్ళకు అది కూడా లేదు. బిలం ముందు నిలబడ్డవాడు వరం అడగడం మానేసి, కాగడా వెలిగించుకుని లోపలికి దిగడం అక్కడ మొదలైంది. తెలుగు ఫాంటసీలో ఇంతకన్నా పెద్ద మలుపు నాకు కనపడదు.

ఆ తర్వాతి కాలంలో మాయాలోకం ఎక్కువగా తెర మీదికి పోయింది. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి, 1994లో భైరవద్వీపం. మాంత్రికుడు మళ్ళీ వచ్చాడు, బలి మళ్ళీ వచ్చింది. పిల్లలు నెలనెలా ఎదురుచూసే సీరియల్ మాత్రం సన్నగిల్లుతూ వచ్చింది. దాసరి 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. మరి కొన్నేళ్ళకు చందమామ అచ్చు కూడా ఆగింది. అభిమానులు పాత సంచికలు వెతికి, స్కాన్ చేసి, ఒకరికొకరు పంచుకున్నారు. సీరియల్స్ పుస్తకాలుగానూ వచ్చాయి, ఈసారి ఆయన పేరుతో.

మా అమ్మమ్మ ఇంట్లో పాతాళదుర్గం ఉండేది. నెలనెలా చందమామలోంచి ఆ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్టకు పాత చీర ముక్క అంటించి పెట్టింది మా పిన్ని. మంగళగిరి నేత చీర, అంచు జరీ ఇంకా మెరిసేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ పుస్తకం కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. చివరి రెండు నెలల కాగితాలు మాత్రం లేవు. ఏమయ్యాయంటే, "ఎవరో చదివిస్తానని పట్టుకెళ్ళార్రా, మళ్ళీ తెచ్చివ్వలేదు" అనేది పిన్ని. అందులోని ధూమకుడు, సోమకుడు ఎలా బయటపడ్డారో నాకు ఇరవై ఏళ్ళ పాటు తెలియలేదు. వేసవికొక రకంగా నేనే ముగింపు కల్పించి తమ్ముళ్ళకు చెప్పేవాణ్ణి. విజయవాడ పుస్తక మహోత్సవంలో పూర్తి పుస్తకం దొరికిన రోజున ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక, అక్కడే మెట్ల మీద కూర్చుని చివరి రెండు భాగాలూ చదివాను. పుస్తకం సంచీలో పెట్టుకుని నేరుగా పిన్ని దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు తుడుచుకుని, ఆ చివరి పేజీలు నా చేత మళ్ళీ పైకి చదివించుకుంది.