మీ లేబర్ క్లియర్ అయిందా?

అమెరికాలో మనవాళ్ళు నలుగురు చేరితే వినపడే ప్రశ్న ఇది. గ్రీన్ కార్డుకి మొదటి మెట్టయిన ఈ లేబర్ సర్టిఫికేషన్ నిజానికి మనది కాదు, కంపెనీది. దీని వెనక కథ భలే తమాషాగా ఉంటుంది.

1885 చట్టం ప్రకారం, ముందే ఉద్యోగ ఒప్పందం చేసుకుని విదేశీయుణ్ణి రప్పించడమే నేరం! జరిమానా వెయ్యి డాలర్లు. కట్టుబడి వచ్చే చవక కూలీలంటే అంత భయం. న్యూయార్కులో ఓ చర్చి ఇంగ్లండు నుంచి పాస్టరుని తెచ్చుకుంటే దాని మీదా కేసు పెట్టారు. చట్టం ఆపాలనుకున్నది కూలీలనే గానీ పాస్టర్లని కాదని 1892లో సుప్రీంకోర్టు తేల్చింది.

1952లో ఆ నిషేధం పోయింది. లేబర్ సెక్రటరీ అభ్యంతరం చెబితేనే వీసా ఆగేది. 1965లో దాన్ని తిరగేశారు. ఇక్కడ తగినవాళ్ళు లేరని, ఇక్కడివాళ్ళ జీతాలకి దెబ్బ ఉండదని ఆయన ధృవీకరిస్తేనే ఫైలు కదలాలి. మన భాషలో చెప్పాలంటే, డిఫాల్ట్ వాల్యూ మార్చారు, అంతే!

2005 మార్చిలో పెర్మ్ వచ్చి దరఖాస్తు ఆన్‌లైన్ అయింది. ఆదివారం పేపర్లో రెండు ప్రకటనలు మాత్రం తప్పలేదు. దరఖాస్తుదారు ఇప్పటికీ యజమానే. తర్వాతి మెట్టు ఐ-140 ఆమోదం రాకముందే కంపెనీ మారితే, కథ మళ్ళీ మొదటికే.

స్థానికుల రక్షణ కోసమే ఇదంతా అంటారు, కాదనను. కానీ ఫైలు ఆగుతుందన్న భయంతో జీతం పెంచమని అడగలేని ఉద్యోగి పక్కనుంటే, ఆ స్థానికుడికి మాత్రం ఏం లాభం? 1885లో ఏ కట్టుబాటుకి భయపడ్డారో, దాన్నే ఇప్పుడు చట్టం తన చేత్తో కడుతోంది.