ఆవు కొలతకు అందని బర్రె

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రాజమార్గంలో నకిరేకల్లు దాటి, సూర్యాపేట చేరకముందే కేతేపల్లి వస్తుంది. చేరువలోనే మూసీ నదిపై 1963లో పూర్తయిన ప్రాజెక్టు ఉన్నది. కాలువ నీరు అందిన చోట వరి, అందని చోట మెట్టపైరు. రెండు చోట్లా ఇంటి ముందర బర్రె. కోస్తా సోదరులు గేదె అని పిలిచేది దీనినే. రైతుకు పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు మార్లు వస్తే, పాల డబ్బు నెలనెలా వస్తుంది. పాలు రావాలంటే బర్రె ఈనాలి; ఈనాలంటే చూలు నిలవాలి. చూలు నిలవని బర్రెకు మన పల్లెలు పెట్టే పేరు ఒక్కటే: గొడ్డు. ఆ పేరు పడిన బర్రె సంతకు పోవలసినదే. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమైనది? బర్రె గర్భకోశాన్ని మానవుడు తెలుసుకొన్న చరిత్రలోనే దీనికి జవాబు ఉన్నది.

బర్రెతో మన చెలిమి పాతది. సింధులోయ ముద్రలపైననే దాని రూపం కనబడుతుంది. అయినా ఏనుగు వైద్యానికి పాలకాప్యుని పేర, గుర్రపు వైద్యానికి శాలిహోత్రుని పేర గ్రంథాలు వెలసినట్లు, పాలిచ్చే బర్రెకు అంతటి ప్రఖ్యాతి గల శాస్త్రకర్త దొరకలేదు. రాజుల సేనలో దానికి చోటు లేదు గదా! ఐరోపాలో లిన్నేయస్ 1758లో జంతువులకు పేర్లు పెడుతూ బర్రెను ఆవుతోపాటు 'బోస్' అనే ప్రజాతిలోనే చేర్చినాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని 'బుబాలస్' అని వేరు చేసినారు. ఆవు కణంలో 60 క్రోమోజోములు ఉండగా, మన బర్రె కణంలో 50 మాత్రమే ఉన్నవి. కాని పశువైద్య పాఠాలు చాలకాలం ఆవును చూచి వ్రాసినవే. బర్రెను నల్లని ఆవుగా భావించి ఆ కొలతతోనే చూచినారు.

ఆ కొలత చాలదని తెలిపినది వైద్యుని చేయి. పురీషనాళం గుండా చేయి పోనిచ్చి, గర్భాశయ కంఠాన్ని పట్టుకొని, గొట్టంతో వీర్యాన్ని లోపల ఉంచే పద్ధతిని 1937 ప్రాంతంలో డెన్మార్కు పశువైద్యులు నెలకొల్పినారు. మన దేశంలో ఇజ్జత్‌నగర్ పరిశోధనాలయం 1942లో కృత్రిమ గర్భోత్పత్తి ప్రయోగాలను చేపట్టినది. 1943 ఆగస్టులో అలహాబాదు వ్యవసాయ విద్యాలయంలో ఈ పద్ధతిన తొలి గేదెదూడ పుట్టినది. 1946లో హైదరాబాదులో పశువైద్య కళాశాల ఏర్పడినది. ఇట్లా వేలాది బర్రెలను పరీక్షించే అవకాశం కలిగిన మీదట, ఆవుకూ దీనికీ గల తేడాలు ఒక్కొక్కటే తేలినవి.

బర్రె అండాశయం ఆవుదానికన్న చిన్నది. అందులోని అండపు మొలకలు ఆవులో లక్షకు పైబడి ఉండగా, బర్రెలో సుమారు పది, ఇరవై వేలే ఉన్నట్లు పరిశోధకులు లెక్కించినారు. అండం విడిచిన చోట ఏర్పడే చిన్న గ్రంథి ఆవులో పైకి ఉబికి వ్రేలికి తగులుతుంది. బర్రెలో లోపలికి ఒదిగి ఉంటుంది. అందువలన అనుభవం లేని చేయి, ఉన్నదానిని లేదనుకొనే ప్రమాదం ఉన్నది. గర్భాశయ కంఠం సన్ననిది, దాని దారి వంకరలు గలది. గొట్టం సులభంగా సాగదు. గర్భసంచి కొమ్ములు మరింత చుట్టలుగా ఉంటవి. చూలు నిండిన బర్రెలో గర్భసంచి మెలిపడడం తరచు. అప్పుడు బర్రెను పడుకోబెట్టి, డొక్కపై పలక నొక్కిపట్టి, మెలి తిరిగిన వైపుకే దొర్లించి దానిని విప్పుతారు. వైద్యుడు ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కరు.

అన్నిటికన్న ముఖ్యమైనది మూగ ఎద. ఆవు ఎదకు వస్తే ఊరంతా తెలుస్తుంది. బర్రె ఎద రాత్రివేళనో తెల్లవారుజామునో వచ్చి, చడీచప్పుడు లేకుండా పోతుంది. పైగా దాని చర్మం నల్లనిది, చెమట గ్రంథులు తక్కువ. అందుకే అది చెరువును వెదుకుతుంది. మెట్టసీమలో చెరువులు ఎండే వైశాఖ జ్యేష్ఠాలలో దాని ఎద అణగిపోతుంది. చలి తగిలే కార్తిక, మార్గశిర మాసాలలో తిరిగి మేలుకొంటుంది. వేసవిలో గొడ్డని అమ్మివేసిన బర్రెలలో, నాలుగు నెలలు ఓపిక పడితే చూలు కట్టేవి ఎన్ని ఉండెనో!

విజ్ఞానం అక్కడ ఆగలేదు. 1990లో కర్నాలులోని జాతీయ పాడి పరిశోధనా సంస్థలో, గర్భం వెలుపల ఫలదీకరణ చేసిన అండం నుండి 'ప్రథమ్' అనే దూడ పుట్టినది. 2009లో అక్కడనే క్లోనింగు ద్వారా దూడ పుట్టినది. ఇవి గొప్ప విజయాలే. అయితే పల్లెలో పాడి నిలిచేది తెల్లవారకముందే కొట్టంలోకి పోయి చూచే కన్నుల వలననే. బర్రె పడుకొన్న చోట తీగవంటి జిగురు, మాటిమాటికి మూత్రం, కారణం లేని అరుపు, తగ్గిన పాలు: ఇవే దాని భాష. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం చూలు కట్టించాలి. ఒక ఎద తప్పితే 21 రోజులు ఆగవలసినదే. చూలు నిలిస్తే ఈనడానికి పది నెలలకు పైగా పడుతుంది. ఆవుకు తొమ్మిది నెలల పైచిలుకు చాలు.

కాబట్టి గొడ్డు అనే మాట అనడానికి ముందు వైద్యుని చేత పరీక్ష చేయించడం, ఒక చలికాలం వేచి చూడడం మేలు. ఆ మాటకు బర్రె బదులు చెప్పలేదు. దాని పక్షాన శాస్త్రం చెప్పే బదులు ఇదే.